యూనిఫాం లేని పిల్లల్ని గేటు దగ్గర ఆపొచ్చా?

ప్రశ్న అడిగినవారు కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పేరెంట్స్ కమిటీ ఛైర్‌పర్సన్. ఆరు నుంచి పది దాకా మూడు వందల మంది పిల్లలున్న బడి. యూనిఫాం లేకుండా వచ్చినవాళ్లని ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబెడుతున్నారని, కొందర్ని ఇంటికి పంపేస్తున్నారని రాశారు. ‘అట్టా చేస్తేనే దారికొస్తారు’ అని తల్లిదండ్రుల్లో కొందరంటే, మిగతావాళ్లు గొడవకు దిగుతున్నారట. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు, తలకు స్కార్ఫ్ కట్టుకునే ఆడపిల్లల సంగతి ఏం చేయాలి, తీర్మానం ఎట్టా రాయాలి అన్నవి మిగతా ప్రశ్నలు.

ఛైర్‌పర్సన్ గారూ, యూనిఫాం ఉండాలి, దాన్ని అమలు కూడా చేయాలి. అయితే అమలు చేయాల్సిన చోటు గేటు కాదు, అమలు చేయాల్సింది పిల్లల మీద కాదు. గుడ్డల కోసం ఏ బిడ్డకీ ఒక్క పీరియడ్ కూడా పోకూడదు. ఈ ఒక్క మాట మీద మీ కమిటీ గట్టిగా నిలబడితే మిగతా చిక్కుముళ్లన్నీ వాటంతటవే విడిపోతాయి.

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. చేసిన టీచరు మీద సర్వీసు నిబంధనల కింద చర్య ఉంటుంది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు ఏ బిడ్డనీ బడినుంచి తీసేయకూడదు. అందరూ చూసేలా ఎండలో నిలబెట్టడం, పేరు పెట్టి ఎగతాళి చేయడం, చొక్కా విప్పించడం, జుట్టు కత్తిరించడం ఇవన్నీ వేధింపు కిందికే వస్తాయి. ‘క్రమశిక్షణ కోసం చేశాం’ అంటే చెల్లదు.

చట్టం ఒక ఎత్తు, రోడ్డు ఒక ఎత్తు. తొమ్మిదిన్నరకి ఇంటికి పంపేస్తే ఆ బిడ్డ ఎక్కడికి పోతుంది? అమ్మ మిరపకోతకో రొయ్యల చెరువు పనికో పోయుంటుంది, ఇంటికి తాళం ఉంటుంది. కావలి మీదుగా పోయేది 16వ నంబరు జాతీయ రహదారి. బడికొచ్చిన బిడ్డని పెద్దలెవరూ తోడు లేకుండా బడివేళలో బయటికి పంపి, దారిలో ఏమైనా జరిగితే ఆ బాధ్యత హెడ్మాస్టరుదే. కాబట్టి ‘ఇంటికి పంపడం’ అనే శిక్షని మీ బడిలో ఈ రోజే ఆపించండి. దీనికి తీర్మానం దాకా ఆగక్కర్లేదు.

ఇక యూనిఫాం వల్ల ఏం వస్తుంది, ఏం రాదు? మార్కులు పెరుగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అమెరికాలో 1998లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో యూనిఫాం వల్ల హాజరు గానీ నడవడిక గానీ మెరుగైనట్టు కనపడలేదు. తర్వాత హ్యూస్టన్ బడుల మీద చేసిన పరిశీలనలో పెద్ద తరగతుల ఆడపిల్లల హాజరు కొంచెం పెరిగింది, మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మనలాంటి ఊళ్లకి పనికొచ్చే లెక్క కెన్యాది. అక్కడ పేద పిల్లలకి ఉచితంగా యూనిఫాం ఇస్తే తొలి ఏళ్లలో గైర్హాజరు బాగా తగ్గింది, అంతకుముందు యూనిఫాం లేని పిల్లల్లో ఇంకా ఎక్కువ తగ్గింది. అంటే పిల్లల్ని బడికి రప్పించింది యూనిఫాం అనే ‘నియమం’ కాదు, ఒంటిమీదికి ‘వచ్చిన’ యూనిఫాం. నియమం మాత్రం పెట్టి గుడ్డ ఇవ్వకపోతే ఫలితం తిరగబడుతుంది. గేటు దగ్గర అవమానపడ్డ బిడ్డ మర్నాడు బడికే రాదు.

అయినా యూనిఫాం ఉండాల్సిందే అంటాను. మన పల్లెల్లో ఒంటిమీది గుడ్డ చాలా విషయాలు బయటపెడుతుంది. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎవరి నాన్న గల్ఫులో ఉన్నాడు, ఎవరిది ఏ వీధి అన్నది చొక్కా చూసి చెప్పేయొచ్చు. రోజూ అదే పాత గౌను వేసుకొచ్చే అమ్మాయికి యూనిఫాం ఒక మరుగు. పక్కనున్న తమిళనాడులో బడిపిల్లల మధ్య కులం చిచ్చు మీద వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో ఇచ్చిన నివేదికలో, చేతికి కట్టుకునే రంగుదారాలు, ఉంగరాలు, నుదుటి బొట్లు కులం గుర్తులుగా మారాయని, వాటిని బడిలో వద్దనాలని చెప్పింది. గుడ్డ, దారం, రంగు ఎంత పని చేస్తాయో అంత వివరంగా చెప్పిన నివేదిక అది. యూనిఫాం కావాలనేవాళ్లకి ఇదే అసలైన వాదన. ‘చూడ్డానికి బాగుంటుంది’ అన్నది వాదన కాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పిల్లలు యూనిఫాం లేకుండా ఎందుకొస్తున్నారు? ‘లెక్కలేనితనం’ అని కమిటీలో అందరూ అనేస్తారు. ఒక్క నెల రిజిస్టరు పెట్టి చూడండి. ఒక నోట్‌బుక్కులో అయిదు గడులు చాలు: పేరు, ఏం లేదు, ఎందుకు లేదు, ఎవరు చూస్తారు, ఎప్పటికి. రాయాల్సింది క్లాసుటీచరు, అడగాల్సింది పిల్లని పక్కకి పిలిచి. కారణాలు ఎప్పుడూ ఇవే తిరుగుతాయి: ఆరలేదు, చిరిగింది, పొట్టి అయింది, ఇంకా కుట్టించలేదు, ఒక్కటే జత ఉంది, నెలసరి, మాల వేసుకున్నాడు, ఇంట్లో మైల, ఇష్టం లేదు. ఆ చివరిది తప్ప మిగతావాటిలో పిల్లల తప్పు ఎక్కడా లేదు. ఒక్కోదానికి మందు వేరు, అందుకే ఒకే శిక్ష దేనికీ పనిచేయదు.

‘కుట్టించలేదు’ అన్నది జూన్, జులైల్లో వచ్చే కారణం. బడులు తెరిచేది జూన్ 12 చుట్టూ. సర్కారు బడి పిల్లలకి కిట్టులో మూడు జతల గుడ్డ వస్తుంది, కుట్టింది కాదు. 2020లో విద్యాకానుకగా మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు విద్యార్థి మిత్ర పేరుతో సాగుతోంది. కుట్టుకూలి కింద మూడు జతలకీ కలిపి ఎనిమిదో తరగతి దాకా 120 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకి 240 రూపాయలు లెక్క కట్టారు. ఒంగోల్లో గానీ నెల్లూరులో గానీ జత 40 రూపాయలకి కుట్టే దర్జీ దొరకడు, కాజాలకీ గుండీలకీ జిప్పుకీ అవి చాలవు. మిగతాది తల్లిదండ్రులే పెట్టుకోవాలి. కూలి చేసుకునే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఆరు నుంచి తొమ్మిది జతలు. అందుకే ముందు ఒక జత కుట్టించి మిగతా గుడ్డ పెట్టెలో దాస్తారు. ఆ ఒక్క జత తడిస్తే బిడ్డ రంగు చొక్కాతో వస్తుంది. కుట్టించని రెండు జతల గుడ్డ ఇంట్లోనే ఉంటుంది, గేటు దగ్గర మాత్రం ‘మూడు జతలిచ్చాం కదా’ అంటారు.

దీనికి కమిటీ చేయగల పని ఒకటుంది. ఊళ్లో మిషను కుట్టే ఆడవాళ్లతో జూన్ మొదటి వారంలోనే మాట్లాడి మొత్తం బడికి ఒకే రేటు మీద ఒప్పందం చేసుకోండి. ఒకే కొలతవి ఒకేసారి కత్తిరిస్తే వాళ్లకి సమయం కలిసొస్తుంది, రేటు కూడా తగ్గిస్తారు. గుడ్డ ఇచ్చేముందు మూడు మాటలు కచ్చితంగా చెప్పాలి. ఒకటి, నూలు కలిసిన గుడ్డని ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, తర్వాతే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుంటుంది. రెండు, ప్యాంటు అంచున రెండున్నర మూడు అంగుళాల లోపలి మడత, పక్క కుట్లలో అంగుళం చొప్పున వదులు ఉంచాలి. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు బాగా సాగే ఏడాదిలో ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుతారు. మడత లేని ప్యాంటు సంక్రాంతికల్లా చీలమండ పైకెక్కుతుంది. మూడు, నడుముపట్టీకి వెనక సగం ఎలాస్టిక్ వేయాలి.

గుడ్డ చాలకపోవడం కూడా తరచుగా వస్తుంది, ఎందుకంటే గుడ్డ తరగతిని బట్టి ఇస్తారు, ఒడ్డూ పొడుగును బట్టి కాదు. ఏడో తరగతిలో నడిమి ఎత్తు మగపిల్లాడికి 58 అంగుళాల పన్నా ప్యాంటుగుడ్డ మీటరు, 36 అంగుళాల పన్నా చొక్కాగుడ్డ మీటరుముప్పావు సరిపోతుంది. అదే తరగతిలో తొమ్మిదో తరగతి ఎత్తున్న పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. వాళ్లకి ప్యాంటుగుడ్డ ఇంకో పావు మీటరు కావాలి. చిన్నగా ఉన్న పిల్లల దగ్గర మిగిలే గుడ్డతో సర్దుబాటు చేసుకోవచ్చు, కాకపోతే అది కత్తిరించకముందే జరగాలి. కిట్లు పంచే రోజే బల్ల వేసి, టేపు పట్టుకుని ఒక టైలరమ్మని కూర్చోబెడితే అయిపోతుంది.

బూట్లది ఇంకో తంటా. కొలతలు తీసుకునేది వేసవికి ముందు, బూట్లు వచ్చేది జూన్‌లో. ఆలోపు కాలు పెరుగుతుంది. సాయంత్రం పూట, బిడ్డని నిలబెట్టి, కాగితం మీద పాదం గీసి, మడమ నుంచి పొడుగు వేలు దాకా కొలిచి, దానికి సెంటీమీటరు కలిపి రాయాలి. వచ్చాక సరిపోనివాళ్లు తమలో తాము మార్చుకోవడానికి ఒక రోజు పెట్టండి. మార్చుకునేలోపు వేసుకుని తిరిగితే ఆ జత ఇంకెవరికీ పనికిరాదు.

‘ఆరలేదు’ అన్నది మన ప్రాంతానికి ప్రత్యేకం. రాష్ట్రంలో చాలా చోట్ల వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరు వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అల్పపీడనం పట్టుకుంటే మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనపడదు. రెండు జతలున్న ఇంట్లో కూడా మూడో రోజు తడిగుడ్డే మిగులుతుంది. తడి యూనిఫాం వేసుకొచ్చిన బిడ్డకి తొడల మధ్య తామర వచ్చే ముప్పుంది. కాబట్టి వాన రోజుల్లో ‘పైన యూనిఫాం చొక్కా ఉంటే చాలు, కింద ఏ ముదురురంగు గుడ్డయినా సరే, చెప్పులతో రావచ్చు’ అని నోటీసులో రాసేయండి. ఏ రోజున ఈ సడలింపు మొదలయ్యేదీ ముగిసేదీ హెడ్మాస్టరు చెబుతారు. సడలింపు కాగితం మీద ఉంటే అది నియమంలో భాగమే అవుతుంది, నోటిమాటగా ఉంటే పక్షపాతమవుతుంది.

జూన్‌లో దీనికి ఎదురు. రోహిణి పోయినా మన కోస్తాలో ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది, ఉక్క సరేసరి. ఆ రోజుల్లో మెడకు టై, కాళ్లకి మేజోళ్లు, మూసిన బూట్లు వేయించడం పిల్లల్ని హింసించడమే. ప్రైవేటు బళ్లలో ఇది మరీ ఎక్కువ. టై వల్ల ఏ బిడ్డకీ ఏ ఉపయోగమూ లేదు, పెద్దలకి చూడముచ్చట తప్ప. కనీసం జులై పదిహేను దాకా టై, మేజోళ్లు వద్దని రాయించండి. గుడ్డ విషయంలో రెండు వైపులా ఆలోచించాలి. నూలు ఎక్కువున్న గుడ్డ జూన్‌లో హాయి, నవంబరులో ఆరదు. పాలిస్టరు మూడింట రెండు వంతులున్న గుడ్డ త్వరగా ఆరుతుంది, ఎండలో కాలుస్తుంది. ఎంచుకునే అవకాశముంటే చొక్కాకి నూలు ఎక్కువున్నదీ, కిందికి పాలిస్టరు ఎక్కువున్నదీ తీసుకోండి.

తెల్లచొక్కా మాట కూడా చెప్పాలి. పొదిలి, కనిగిరి వైపు గానీ, సముద్రం పక్క ఊళ్లలో గానీ బోరునీళ్లలో సబ్బు నురగే రాదు. అట్టాంటి నీళ్లలో తెల్లగుడ్డ కొన్ని నెలలకే పసుపుపచ్చగా మారుతుంది. దాన్ని చూసి ‘మురికి చొక్కా’ అని తిడితే ఆ తల్లి చేసిన చాకిరీని తిట్టినట్టే. నీళ్లలో ఇనుము ఉంటే బ్లీచింగు వాడకూడదు, పసుపు ఇంకా ముదురుతుంది. బట్టలసబ్బు బదులు పొడి వాడి, చివరి జాడింపు నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి అరగంట నానబెడితే చాలావరకు తేరుకుంటుంది. శనివారం తెల్ల యూనిఫాం అనే అలవాటు మీ బడిలో ఉంటే మానుకోండి. నెలసరి వచ్చే వయసు ఆడపిల్లలకి తెల్ల ప్యాంటు ఎంత భయమో మగ టీచర్లు ఎప్పుడూ ఆలోచించరు. శనివారం మాత్రమే బడి ఎగ్గొట్టే ఆడపిల్లలు కనపడితే ముందు ఆ రోజు ఏ రంగు గుడ్డ వేయిస్తున్నారో చూడండి.

ఈ కారణాల్లో చాలావాటికి ఒకే సాధనం యూనిఫాం పెట్టె. మూడు వందల మందికి 25 జతలు సరిపోతాయి. మగపిల్లలకి 12: నడుము 24, 26, 28, 30 అంగుళాలకి మూడేసి ప్యాంట్లు, వాటికి తగ్గ చొక్కాలు. ఆడపిల్లలకి 13, వాటికి తోడు ముదురురంగు ప్యాంట్లు విడిగా అయిదు. పెట్టెమీద తరగతి రాయొద్దు, అంగుళాలు రాయండి. గుడ్డలు ఎక్కణ్నుంచి? పదో తరగతి పరీక్షలు అయిన రోజే ‘మీ మంచి జత ఒకటి తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇచ్చిపోండి’ అని అడగండి, చాలామంది ఇస్తారు. ఉతికి, గుండీలు సరిచూసి, ఎండిన వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టాలి. పెట్టెలోనే సూదులు, దారం, గుండీలు, పిన్నీసులు, నాడా ఉండాలి. తెగిన గుండీకి రెండు నిమిషాలు చాలు.

ఆడపిల్లల పెట్టె ఆడటీచరు దగ్గరే ఉండాలి. అందులో ప్యాడ్లు, మచ్చపడిన గుడ్డ పెట్టుకోవడానికి నల్లకవర్లు తప్పనిసరి. ఆడటీచరు లేని రోజు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే చెప్పి ఉంచాలి. వంటచేసే ఆయమ్మ అయినా పర్లేదు. పెట్టె బడిలో ఉండీ తాళం దొరక్క ఎవరికీ అక్కరకు రాకుండా పోవడమే ఎక్కువగా జరిగే తప్పు. ఇంకో తప్పు, గుడ్డలు ప్రార్థనలో పిలిచి ఇవ్వడం, ఫొటోలు తీయడం. ఇంటికి ఇచ్చే జతని బడి వదిలాక సంచిలో పెట్టి ఇవ్వాలి. ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిన రోజు నుంచి ఆ పెట్టె దగ్గరికి ఇంకెవరూ రారు.

పద్ధతి ఇట్టా ఉంటే చాలు. మొదటి రోజు క్లాసుటీచరు పక్కకి పిలిచి కారణం అడిగి రాసుకుంటారు, బిడ్డ క్లాసులో కూర్చుంటుంది. మూడో రోజుకీ లేకపోతే ఇంటికి ఫోను. వారం లోపల పెట్టెలోంచి జత ఇవ్వడమో, కుట్టించడానికి కమిటీ సాయం చేయడమో జరగాలి. వారం దాటితే రిజిస్టరు కమిటీ సమావేశంలోకి వస్తుంది. అక్కడ నిలదీయాల్సింది బిడ్డని కాదు, ‘ఎవరు చూస్తారు’ అన్న గడిలో పేరున్న పెద్దమనిషిని. జరిమానా వద్దు. రోజుకి పది రూపాయల జరిమానా పెట్టిన చోట పిల్లలు ఆ పది లేక ఆ రోజంతా మానేస్తారు.

‘ఇష్టం లేదు’ అనేవాళ్లు ఉంటారు. ఎక్కువగా తొమ్మిది, పది తరగతుల మగపిల్లలు: ప్యాంటు బదులు జీన్సు, హీరో బొమ్మున్న టీషర్టు మీద గుండీలు పెట్టని యూనిఫాం చొక్కా, తల పక్కలు గీకించుకుని పైన గుబురు. వీళ్లని గేటు దగ్గర ఆపితే వీళ్లకి కావాల్సిందే దొరుకుతుంది: అందరి చూపు, ఒక పూట సెలవు. వీళ్లనీ క్లాసులోనే కూర్చోబెట్టాలి. సాయంత్రం నాన్నని గానీ మేనమామని గానీ పిలిపించి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. జుట్టు విషయంలో ఒకటే మాట: కత్తెర టీచరు చేతిలోకి రాకూడదు, ఎప్పుడూ. తర్వాతి క్షవరం దాకా గడువు ఇవ్వండి. ఆ మాటకొస్తే జుట్టు ఏ తీరులో ఉన్నా పాఠం ఎక్కుతుంది. రెండు జడలు, రిబ్బన్లు, పూలు, గోరింటాకు, పట్టీల మీద నియమాలు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. తిరుపతి వెళ్లొచ్చి గుండుతో ఉన్న బిడ్డ టోపీ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి.

కచ్చితంగా పట్టుపట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, అవన్నీ ప్రమాదానికి సంబంధించినవి. ల్యాబులో స్పిరిటు దీపం దగ్గర చున్నీ వేలాడకూడదు, వెనక్కి ముడేసి పిన్నీసు పెట్టాలి. పాలిస్టరు గుడ్డ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. సైకిలు మీద వచ్చేవాళ్ల చున్నీ చక్రంలో పడకుండా నడుముకి కట్టించాలి, లేదా చున్నీ బదులు కోటు పెట్టాలి. ఆటల పీరియడ్‌లో గాజుగాజులు, వేలాడే కమ్మలు తీయించాలి. ఈ విషయంలో మినహాయింపు ఎవరికీ లేదు.

ఇక మాల, స్కార్ఫ్. ఈ రెండింటినీ విడివిడిగా తీర్మానిస్తే ఊరు చీలుతుంది. ఒకే వాక్యంలో పెట్టాలి.

అయ్యప్ప దీక్ష 41 రోజులు. కార్తీకంలో మొదలై కొందరికి మకరజ్యోతి దాకా సాగుతుంది. నల్లగుడ్డలు, మెడలో మాల, కాళ్లకి చెప్పులుండవు, క్షవరం ఉండదు. భవానీ దీక్ష వాళ్లకి ఎర్రగుడ్డలు. ఉద్యోగాలు చేసే స్వాములు చాలామంది డ్యూటీలో యూనిఫాం వేసుకుని పైన కండువాతో సరిపెట్టుకుంటారు. బిడ్డ ఇంట్లోవాళ్లు, గురుస్వామి ఒప్పుకుంటే బడిలోనూ అదే మార్గం: యూనిఫాం, మెడలో మాల, భుజాన నల్లకండువా. ఒప్పుకోకపోతే దీక్ష మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రాసి ఒక చీటీ తీసుకోండి, ఆ రోజులన్నీ నల్లగుడ్డలతోనే రానివ్వండి. ల్యాబులో మాత్రం కండువా పక్కన పెట్టాలి, ఒట్టికాళ్లతో ప్రయోగం బల్ల దగ్గరికి రాకూడదు. ఆ రోజు ప్రయోగాన్ని బల్లకి దూరంగా కూర్చుని రాసుకుంటాడు.

స్కార్ఫుకి కూడా అదే కొలబద్ద: యూనిఫాం రంగులో ఉన్న గుడ్డ, ముఖం కనపడాలి, గడ్డం కింద పిన్నీసుతో బిగించి ఉండాలి. నిర్ణయించిన యూనిఫామే వేసుకోవాలంటూ, హిజాబుకి వీల్లేకుండా కర్ణాటక ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 5న ఇచ్చిన ఉత్తర్వు ఆ రాష్ట్రానిది. ఆ రాష్ట్ర హైకోర్టు మార్చి 15న దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టులో అదే ఏడాది అక్టోబరు 13న ఇద్దరు జడ్జీలు జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ సుధాంశు ధూలియా చెరో తీర్పు ఇవ్వడంతో విషయం పెద్ద బెంచికి పోయింది. కాబట్టి ‘సుప్రీంకోర్టు వద్దనేసింది’ అని మీ సమావేశంలో ఎవరైనా అంటే అది నిజం కాదు, ‘సరేనంది’ అన్నా నిజం కాదు. 2024 ఆగస్టు 9న ముంబై కాలేజీ ఒకటి హిజాబు, టోపీల మీద పెట్టిన నిషేధాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపింది. బడి నడిపేవాళ్లకి వీటన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది 1986 నాటి కేరళ కేసు. జాతీయగీతం పాడనన్న ముగ్గురు పిల్లల్ని బడినుంచి తీసేస్తే, వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు కదా, ఎవరికీ అడ్డం రాలేదు కదా అని చూసి, తిరిగి చేర్చుకోమంది సుప్రీంకోర్టు. మీ కమిటీ కూడా ఏ గుడ్డ విషయంలోనైనా ఆ ప్రశ్నే వేసుకోవాలి: ఇది పక్కవాళ్ల చదువుకి అడ్డమా? ప్రమాదమా? రెండూ కాకపోతే చీటీ తీసుకుని కూర్చోబెట్టండి.

కులం, పార్టీ రంగుల దారాలు, కండువాలు ఈ కోవలోకి రావు. అవి దీక్ష కాదు, జట్టు గుర్తు. వాటిని మాత్రం నిష్కర్షగా వద్దనండి, కాకపోతే అన్ని రంగులనీ ఒకేసారి.

మీ ప్రశ్నలో లేకపోయినా ప్రైవేటు బళ్ల తల్లిదండ్రులు ఇది చదువుతారు కాబట్టి నాలుగు మాటలు. అక్కడ సమస్య పేదరికం కంటే అంగడి. బడి లోగో అచ్చువేసిన చొక్కా ఒకే దుకాణంలో దొరుకుతుంది, రెండేళ్లకోసారి రంగు మారుతుంది, తమ్ముడికి అన్న చొక్కా పనికిరాదు. బడిలోగానీ తాము చెప్పిన దుకాణంలోగానీ యూనిఫాం అమ్మే పని పెట్టుకోవద్దని సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లో తన బడులకి చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో 2018 నాటి ఫీజుల చట్టం అయిదేళ్లలోపు యూనిఫాం మార్చకూడదంటుంది. మీ యాజమాన్యాన్ని రెండు విషయాలు అడగండి: లోగో విడిగా కుట్టుకునే బిళ్లగా ఇవ్వాలి, గుడ్డ ఏ కొట్లోనైనా దొరికే రంగై ఉండాలి. వినకపోతే పదిమంది సంతకాలతో మండల విద్యాధికారికి, అక్కడా కాకపోతే జిల్లా విద్యాధికారికి రాయండి. నోటితో చెబితే కదలిక ఉండదు.

తీర్మానం నమూనా ఇది. మీ బడికి తగ్గట్టు మార్చుకోండి.

‘మన బడి పిల్లలందరూ యూనిఫాం వేసుకుని రావాలి. యూనిఫాం లేని కారణంగా ఏ బిడ్డనీ గేటు దగ్గర ఆపకూడదు, క్లాసు బయట ఉంచకూడదు, ఇంటికి పంపకూడదు, జరిమానా వేయకూడదు, నలుగురిలో అనకూడదు. క్లాసుటీచరు కారణం రాసుకుంటారు. వారం లోపల యూనిఫాం సమకూర్చే బాధ్యత క్లాసుటీచరుదీ కమిటీలో ఆ తరగతి సభ్యులదీ. వాన రోజుల్లో, బడి తెరిచినప్పటి నుంచి జులై పదిహేను దాకా సడలింపులు హెడ్మాస్టరు నోటీసు ప్రకారం. దీక్షలో ఉన్నవాళ్లు, తలకు గుడ్డ కట్టుకునేవాళ్లు ఏ మతం వారైనా తల్లిదండ్రుల చీటీతో రావచ్చు, ముఖం కనపడాలి, ల్యాబు, ఆటల జాగ్రత్తలు అందరికీ ఒకటే. కులం, పార్టీ గుర్తులు ఎవరికీ లేవు. యూనిఫాం పెట్టె తాళం ఫలానావారి దగ్గర, వారు రాని రోజు ఫలానావారి దగ్గర ఉంటుంది.’

ఆ ‘ఫలానా’ అన్న రెండు చోట్లా అసలు పేర్లు రాయకుండా సంతకాలు పెట్టనివ్వకండి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని చట్టమే చెబుతోంది. చదవడం రాని తల్లులు కూడా ఉంటారు. అందుకని తీర్మానాన్ని పైకి రెండుసార్లు చదివించి, ఒక్కో వాక్యం దగ్గరా ఆగి అడిగి, ఆ తర్వాతే వేలిముద్రలు తీసుకోండి. ఒక నకలు గేటు దగ్గర కాపలావాళ్లకి ఇచ్చి, వాళ్లకీ చదివి వినిపించండి.